పన్నెండో సంపుటం

నెలకు పది క్రోనర్లు.
రెండు కప్పుల కాఫీ తాగి, మీసం తుడుచుకుని
సేల్స్‌మన్ శాండెలీన్ మా నాన్న చేత సంతకం పెట్టించుకున్నాడు.
పిల్లల బొమ్మల విజ్ఞాన సర్వస్వం,
పన్నెండు సంపుటాలు, రెండు నెలలకొకటి పోస్టులో.

నాన్న హిల్డింగ్ రంపపు మిల్లులో పలకలు లెక్కపెట్టేవాడు.
మొదటి సంపుటం విప్పిననాడు
ఆయన చొక్కా జేబులోని పొట్టు కాస్త ఆఫ్రికా మీద రాలింది.
ఎడారి అనుకున్నాను నేను.
అక్క సూల్‌బ్రిట్ ఉఫ్ అని ఊదేసింది.

మధ్యాహ్నం మూడింటికే పొద్దుగూకే డిసెంబరు.
వంటింటి బల్ల మీద ఒకే దీపం.
రంగుల బొమ్మ మీద ఉల్లిపొర కాగితం,
అది ఎత్తేముందు చేతులు కడుక్కోవాలి,
అమ్మ వాసన చూసి మరీ ఒప్పుకునేది.
ఎత్తితే మొసలి.
ఎత్తితే కప్ప, కప్ప లోపల కప్ప గుండె.

పదకొండోది జీబ్రాతో ముగిసింది.
చారలు ముప్పైమూడని అక్క, ముప్పైఒకటని నేను,
తేలకుండానే ఒక సోమవారం మిల్లు కూత వినిపించలేదు.
నాన్న కంపెనీకి ఉత్తరం రాశాడు, పలకలు పేర్చినట్టు అక్షరాలు పేర్చి.
జవాబు రాలేదు. పుస్తకమూ రాలేదు.

మా అక్షరమాల జీబ్రా దగ్గర ఆగదు.
నెత్తిన సున్నా పెట్టుకున్నదొకటి,
నెత్తిన జంట చుక్కలున్నవి రెండు,
చివర్న ఆలస్యంగా బడికొచ్చిన పిల్లల్లా నిలబడతాయి.
మా బతుకంతా ఆ మూడింట్లోనే ఉంది:
ఇంటి వెనక వాగు, వాగులో మలుగుపాము,
బంగాళాదుంపల మడిలోకి దిగే పొడుగుకాళ్ళ కొమ్ముల దుప్పి,
ఉరుము, గద్ద, బఠాణీ, కన్ను, చెవి,
ఆఖరికి మా సీమ ఓంగెర్మన్‌లాండ్ కూడా.
అగ్నిపర్వతం కడుపులో ఏముందో మాకు తెలుసు.
వాగు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

మిల్లు పారేసిన లెక్కల పుస్తకం ఒకటి నాన్న తెచ్చాడు, సగం ఖాళీ.
అక్క దాన్ని పన్నెండోది చేసింది.
బీట్‌రూట్ ఎరుపు, కాఫీ గోధుమ, అమ్మ బట్టల నీలిమందు.
దుప్పికి మోకాళ్ళు వెనక్కి తిరిగాయి.
కింద రాసింది: 'ఇది మనల్ని ముందే చూసి ఉంటుంది.'
కన్ను అమ్మది, ఉల్లిపాయ తరిగేటప్పటిది.
చెవి నాన్నది.
లెక్కపెట్టడానికి ఏమీ లేకపోయినా
దాని వెనక పెన్సిల్ అలాగే ఉంది.

చివరి అక్షరం మా భాషలో అక్షరమే మాట. లంక అని అర్థం.
'గుండ్రంగా లంక, పైన రెండు పక్షులు, చూడు' అంది అక్క,
అక్షరాన్నే పెద్దగా గీసి,
లోపల ఒక బర్చ్ చెట్టు నాటింది.

పోయిన వేసవి, సొలెఫ్టియో పాత సామాన్ల సంతలో
ఓ పెట్టె అడుగున దొరికింది అసలుది. ఇరవై క్రోనర్లు.
డెబ్బైనాలుగేళ్ళ చేతులు చొక్కాకి తుడుచుకుని
పొర ఎత్తాను.
దుప్పి నిక్కచ్చిగా ఉంది, మోకాళ్ళు మోకాళ్ళ చోటే.
అది ఎవర్నీ చూడటం లేదు.
మా సీమకు సగం పేజీ, ఏటి ఒడ్డున ఓ రంపపు మిల్లు బొమ్మ.
అచ్చయిన ఏడు చూశాను. మా మిల్లు మూతపడిన మరుసటేడు.
బొమ్మలో పొగగొట్టం నిండా పొగ.

అక్కడే నిలబడి ఉమియోకి ఫోన్ చేశాను.
'ఆఖరి పేజీలో ఏముంది?'
'లంక. చుట్టూ నీళ్ళు. ఓ పడవ కూడా వేశాడు.'
'బర్చ్ ఉందా?'
'లేదు.'
'అయితే పెట్టెలో పెట్టేయ్. అది పూర్తికాలేదు.'
సరేనన్నాను.
ఆమె ఇంకేదో అడిగింది, వానల గురించి, నా మోకాలి గురించి.

కొన్నాను. ఆమెకి చెప్పలేదు.
జీబ్రా పక్కన ఖాళీ ఉంచిన చోట దూర్చబోతే పట్టలేదు.
ఇన్నేళ్ళలో ఆ పదకొండూ
ఒకదాని మీదికొకటి ఒరిగి
ఆ సందు పూడ్చేసుకున్నాయి.